బోర్డు మీద అగోరో, పీట ముందు లంబ్రినీ

రండి రండి, ఇలా దగ్గరికి జరగండి. ఆ చివర గుసగుసలాడేదెవరో గానీ కాసేపు నోరు కట్టేసుకోండి. ఒరేయ్ మిచో, ఆ సారా గ్లాసు కింద పెట్టరా, నీ గుటకల చప్పుడుకి నా మాట నాకే వినపడట్లేదు. ఆలివ్ గింజలు ఉమ్మేవాళ్ళు పక్కవాడి చెప్పులో ఉమ్మకండి. నేను చెప్పేది అబద్ధమనిపించినవాళ్ళు చెయ్యెత్తండి. ఎత్తిన చెయ్యి అలాగే పట్టుకుని కూర్చోండి, కథయ్యాక దింపుదురుగాని. నాకు చదువు రాదు. అబద్ధాలాడితే రాసి పెట్టుకోవాలి కదా, ఏది ఎవరికి చెప్పామో! అందుకని నేను నిజమే చెప్తాను.

మన లంబ్రినీ సంగతి ఇది. మన చర్చి ఎదురుగా హోటలుంది చూశారా, స్టెర్గియోస్ హోటలు, ఆ స్టెర్గియోస్ పెళ్ళాం. ఆమె పిటాకి, అదే ఆ పొరల రొట్టెకి, పిండి ఒత్తితే పొర ఎంత పల్చగా వచ్చేదనుకున్నారు? పొరకి ఇవతల ఒక ఈగ వాలితే, అవతల వాలిన ఈగ చూసి కుశలం అడిగేది. ఒకసారి గుడ్డ మీద ఆరబెట్టిన పొర గాలికి లేచి, లోయ దాటి ఎదురు కొండ మీద వాలింది. అక్కడి కాపరులు మబ్బు దిగిందనుకుని గొంగళ్ళు కప్పుకుని మూడు రోజులు వాన కోసం కూర్చున్నారు. అట్లాంటి పొరలు పన్నెండు, ఒక్కో దాని మీద వెన్న చిలకరించి, మధ్యలో కొండకూరలూ గొర్రెపాల చీజూ నింపి, రాగి పళ్ళెంలో పెట్టి, మీద ఇనప మూత బోర్లించి, ఆ మూత మీద నిప్పులు పోసేది. ఆ వాసనకి చర్చిలో ప్రార్థన సగంలో ఉండగానే ఫాదరు గారు చివరి ఆమెన్ అనేసేవాడు.

కానీ హోటలు మీద బోర్డు చూస్తే ఏముందీ? ఇంతింత అక్షరాలతో ‘అగోరో పిటా’.

అగోరో ఎవరంటే లంబ్రినీ అత్త. ఎనభై దగ్గర పడ్డ మనిషి, నల్ల తలగుడ్డ, నల్ల గౌను. అగోరో అంటే మగపిల్లాడని. ఆవిడ పుట్టినప్పుడు ఇంట్లోవాళ్ళు ‘మళ్ళీ ఆడపిల్లేనా’ అని ఏడిచి, వెనకాల వచ్చేదన్నా మగాడు కావాలని ఆ పేరు పెట్టారు. ఆవిడ అత్త పేరు స్టామో, అంటే ‘ఇంక ఆగు’ అని. ఆడపిల్లలు ఇంక చాలని దేవుడికి చెప్పుకోవడం. ఆ ఇంట్లో ఆడవాళ్ళ పేర్లు చూడండి, ఒక్కటన్నా వాళ్ళ కోసం పెట్టిందా?

మరి పీట ముందు నిలబడేది లంబ్రినీ అయితే బోర్డు మీద అగోరో పేరెందుకుందంటారా? ఆ ఇంటి ఆచారం అది. పిటాకి ఇంట్లో పెద్దావిడ పేరు. ఒత్తేది కోడలు. పెద్దావిడ పోయాక, నలభయ్యో రోజు గోధుమలు పంచిపెట్టి, బోర్డు తుడిచి, కోడలి పేరు రాస్తారు. అప్పుడు ఆ కోడలు అత్త అవుతుంది, కొత్త కోడలు పిండి ఒత్తే కర్ర పట్టుకుంటుంది.

పండగకి రెండ్రోజుల ముందు. మరియ తల్లి పండగ, ఆగస్టులో. దానికి ముందు పదిహేను రోజులు మనందరికీ ఉపవాసమేగా, చీజు లేదు, వెన్న లేదు, గుడ్డు లేదు. లంబ్రినీ ఉత్త కూరల పిటా ఒత్తుతోంది. సన్నకర్రకి పిండి చుట్టి, అరచేతులు మధ్య నుంచి చివరలకి జరుపుతూ, విప్పి, తిప్పి, మళ్ళీ చుట్టి. స్టెర్గియోస్ లోపలికొచ్చాడు. చేతిలో ఉత్తరం, మొహం నిండా పండగ.

“ఏమేవ్, విన్నావా? యానినా పట్నం నుంచి వంటల సంఘం వాళ్ళు వస్తున్నారు. మన అమ్మకి సన్మానం! పేరు చెక్కిన రాగి పళ్ళెం ఇస్తారట.”

“ఎందుకూ?”

“ఎందుకేంటే, పిటాకి! అందరి ముందూ పొర ఒత్తి చూపించాలట. చూడు, నువ్వు వెనక వంటింట్లో పొరలన్నీ ఒత్తేసి ఉంచు. అమ్మ ముందు కుర్చీలో కూర్చుంటుంది. కర్ర ఆవిడ చేతిలో పెడదాం. ఆఖరి పొర ఒక్కటీ ఒత్తినట్టు అలా అంటుంది, ఇలా అంటుంది, అయిపోయింది. పల్చగా ఒత్తాలి సుమా, అమ్మ పరువు.”

లంబ్రినీ పీట మీద పిండి చల్లింది.

“మొహం అలా పెడతావేంటి? నీకేం తక్కువా? అమ్మ తర్వాత నీ పేరేగా. బోర్డు ఎక్కడికైనా పారిపోతుందా?”

అనేసి వెళ్ళిపోయాడు. మగవాళ్ళు మంచి మాట చెప్పామనుకున్నప్పుడు నడిచే నడక ఉంటుంది చూడండి, ఆ నడక నడుస్తూ.

అప్పుడు పక్క గదిలో అగోరో దగ్గింది. మామూలు దగ్గే, ముసలి దగ్గు. లంబ్రినీ చెయ్యి కర్ర మీద ఆగిపోయింది.

ఇప్పుడు వినండి, ఇది నవ్వే చోటు కాదు. ఆ చెయ్యి ఆగడం లంబ్రినీ చూసుకుంది. ఎందుకాగిందీ ఇది, అనుకుంది. అత్తకి నీళ్ళిద్దామని ఆగిందా? కాదు. నీళ్ళివ్వాలనుకున్న చెయ్యి చెంబు వైపు పోతుంది, ఇలా ఊపిరి బిగబట్టి నిలబడదు. రెండో దగ్గు వస్తుందా రాదా అని వింటోంది ఆ చెయ్యి. ఎన్నాళ్ళ నుంచి ఇలా వింటోందో! ఇరవై మూడేళ్ళుగా తన పిటా తిని జనం అత్త చేతులు ముద్దు పెట్టుకుంటుంటే తను గిన్నెలు తోముతూ చూసింది, పోనీలే అనుకుంది. మొగుడు తను చేసిందే తింటూ తనతోనే ‘మా అమ్మ చేతి వాసన వేరే’ అంటే, ఆ చెయ్యి ఎవరిదో వాడికి గుర్తు లేదా, గుర్తుండీ అంటున్నాడా అని మొదట్లో ఆలోచించి, తర్వాత ఆలోచించడమే మానేసింది. జ్వరమొస్తే ‘పొయ్యి దగ్గరే కదా ఉంటావు, వెచ్చగా ఉంటుంది’ అన్నాడు. నాన్న పోయిన రోజు ‘ఏడు పళ్ళేలు ఆర్డరుంది, అవి కాస్తా అయ్యాక వెళ్ళు, ఆయన ఎక్కడికీ పోడుగా’ అన్నాడు. ఏడు పళ్ళేలూ ఒత్తింది, కళ్ళు తుడుచుకోడానికి చేతులు ఖాళీ లేవు, ఆ నీళ్ళు పిండిలోనే పడ్డాయి. తిన్నవాళ్ళు ‘ఇవ్వాళ ఉప్పు భలే కుదిరింది, అగోరో చెయ్యంటే చెయ్యే’ అన్నారు. దాన్నీ మింగింది. మన బల్లల దగ్గర అందరూ ఒకే పళ్ళెంలో టమాటా ముక్కల నూనెలో రొట్టె ముంచుకుని తింటారు కదా, తను వడ్డించి వచ్చేసరికి ఆ పళ్ళెం అద్దంలా ఉండేది, తన మొహం తనకి కనిపించేది. పిటాలో మాడిన అంచులు పొయ్యి దగ్గర నిలబడి తినేది. మధ్య ముక్క, పొగలు కక్కే మధ్య ముక్క, కుర్చీలో కూర్చుని ఇరవై మూడేళ్ళలో ఒక్కసారీ తినలేదు. ఇవన్నీ పోనీలే. కానీ ఈ చెయ్యి? అత్త దగ్గితే ఆగే ఈ చెయ్యి? అత్త ఏమంత చెడ్డదీ కాదు. పురిటిలో నెలరోజులు తన వీపు రుద్దింది. అట్లాంటి మనిషి చావు కోసం నా చెయ్యి కాచుకుని కూర్చుందంటే, నన్నిలా చేసిందెవరు? నా పేరు నాకు రావాలంటే ఒక మనిషి పోవాలా? రేపు నా కోడలొస్తే అది నా దగ్గులు వింటూ కర్ర పట్టుకోవాలా?

పిండి ఎండిపోయింది. అంత సేపు ఆలోచించింది. ఆవిడ జన్మలో పొర చిరగడం అదే మొదలు. ఆ చిరుగు చప్పుడు ఊరవతల నా గాడిదకి వినపడి బెదిరి చెట్టెక్కింది. చెయ్యెత్తింది ఎవరక్కడ? అలాగే పట్టుకో, దింపకు.

పండగ రోజొచ్చింది. ప్రార్థన అయింది. పదిహేను రోజులు చీజు మొహం చూడని ఊరు ఊరంతా చర్చి మెట్లు దిగి నేరుగా హోటలు ముందు బల్లల మీద వాలింది. అంతా తెల్ల చొక్కాలూ, ఖాళీ కడుపులూ. ఆకలికి మేయరు మీసం కూడా కిందికి వాలిపోయింది. పొయ్యిలో నిప్పులు సిద్ధం. చీజు ఉంది, వెన్న ఉంది, కూరలు తరిగి ఉన్నాయి, పిండి ముద్దలు తడిగుడ్డ కింద ఉన్నాయి. ముందు పెద్ద కుర్చీలో అగోరో, ఒళ్ళో ముడుచుకున్న చేతులు. పక్కన యానినా నుంచి వచ్చినావిడ, కళ్ళద్దాలూ పుస్తకమూ. ఆవిడ పక్కన పేరు చెక్కేవాడు, ఉలితో సహా వచ్చాడు. పళ్ళెం మీద పేరు చెక్కాల్సిన చోటు ఖాళీగా మెరుస్తోంది.

స్టెర్గియోస్ గొంతు సవరించుకున్నాడు. “ఈ చేతులు చూడండి! మా అమ్మ చేతులు! ఈ పిటా వెనక ఉన్నది ఈ చేతులే!” అని, వంటింటి వైపు మెడ తిప్పి, గొంతు తగ్గించి, “పొరలు పట్రావే” అన్నాడు.

లంబ్రినీ వచ్చింది. చేతిలో పొరలు లేవు. నడుముకున్న గుడ్డ విప్పింది, మడిచి బల్ల మీద పెట్టింది. మేయరు పక్కన ఖాళీ కుర్చీ ఉంటే లాక్కుని కూర్చుంది. ఆ కుర్చీ రాళ్ళ మీద కీచుమంటే ఊరంతా పళ్ళు బిగబట్టింది.

“ఏంటిది?” అన్నాడు స్టెర్గియోస్. “లే.”

“ఆకలేస్తోంది.”

“లేచి పొరలు పట్రా, తర్వాత తిందువుగాని.”

“పొరలు ఒత్తలేదు.”

బల్లల దగ్గర పెద్ద గోల లేచింది. పదిహేను రోజుల ఆకలి గోల అది. పక్క ఊళ్ళో కుక్కలు భూకంపమని వీధిలోకి పరిగెత్తాయి.

“ఒత్తలేదంటే? మరి పిటా ఎవరు చేస్తారే?”

“బోర్డు మీద ఎవరి పేరుందో వాళ్ళు చేస్తారు. ఇరవై మూడేళ్ళు నేను చేశానని నువ్వెప్పుడూ ఎవరికీ చెప్పలేదు కదా. అంటే నేను చేయనట్టేగా. చేయనిదాన్ని ఇవ్వాళ కూడా చేయలేదు, కొత్తగా ఏం పోయింది?”

ఫాదరు గారు లేచాడు. “అమ్మాయ్ లంబ్రినీ, పండగ పూట ఇట్లాంటివి...”

“ఫాదరు గారూ, ఉపవాసం నేనూ ఉన్నాను. మరియ తల్లి నా ఉపవాసానికి లెక్క వేరేగా కట్టదు కదా? మీరంతా కూర్చుని తింటే పండగ, నేను కూర్చుంటే గొడవా?”

ఫాదరు గారు గడ్డం నిమురుకుంటూ కూర్చున్నాడు.

“పరువు తీస్తున్నావే!” అన్నాడు స్టెర్గియోస్. “ముసలిదాన్ని నలుగుర్లో నిలబెట్టి! రేపో మాపో పోయే మనిషి, ఆ కాస్తా ఆగలేవా?”

“అదే, ఆగలేను,” అంది లంబ్రినీ. అత్త వైపు తిరిగింది. “అత్తా, నిన్ను అవమానించాలని కాదు. నువ్వు దగ్గితే నా చెయ్యి ఆగిపోతోంది. విన్నావా? నీ దగ్గు కోసం కాచుకుంటోంది. నాకది వద్దు. నువ్వు నూరేళ్ళు దగ్గు. నా పేరు నాకు ఇవ్వాళే కావాలి.”

యానినా ఆవిడ కలం గాల్లో ఆగింది. అందరి కళ్ళూ అగోరో మీద.

అగోరో ఒళ్ళో చేతులు తీసి బల్ల మీద పెట్టింది. వేళ్ళు చెట్టు వేళ్ళల్లా వంకర్లు తిరిగి ఉన్నాయి. వాటి వంక తనే చూసుకుంది కాసేపు.

“తెలుసే,” అంది. “నీ కర్ర చప్పుడు ఆగడం నాకు గోడవతల్నుంచి వినపడుతుంది. నేను కోపగించుకోలేదు. స్టామో దగ్గులు నేను ముప్పై ఒక్కేళ్ళు విన్నాను. చలికాలం వస్తే ఆశపడేదాన్ని. ఛీ.” ఉమ్మేసినట్టుగా అంది ఆ మాట. తర్వాత కళ్ళద్దాలావిడ వైపు తిరిగింది. “రాసుకోమ్మా. ముప్పై ఒక్కేళ్ళు స్టామో పిటా నేను చేశాను. నా పేరు బోర్డెక్కిన వారానికి ఈ వేళ్ళు మూసుకుపోయాయి. కర్ర ఈ పిల్లకిచ్చాను. నా పేరు మీద నేను ఒక్క పొర కూడా ఒత్తలేదు. అగోరో పిటా అని ఒకటి ఈ లోకంలో ఎప్పుడూ లేదు. రాశావా?”

“అమ్మా!” అన్నాడు స్టెర్గియోస్.

“నోర్ముయ్. ఊరు ఆకలితో ఉంది. కర్ర పట్టుకో.”

“నేనా?”

“మరి నా కొడుకువి నువ్వేగా? నా చేతి వాసన వేరే అంటావు, ఆ చెయ్యి నీకు రాలేదా ఏంటి?”

అప్పుడు నవ్విందండీ ఊరు! అంత ఆకల్లోనూ నవ్వింది. స్టెర్గియోస్ కర్ర పట్టుకున్నాడు. పడవ తెడ్డు పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. పిండి ముద్ద మీద పడి తోశాడు. పిండి ముందుకు పోయింది, వాడూ ముందుకు పోయాడు, బల్లా పోయింది. రెండో ముద్ద మీసాలకి అంటుకుంది. మేయరు సాయం వచ్చాడు, ఫాదరు గారు గడ్డం నడుములో దోపుకుని అంగీ చేతులు పైకి మడిచాడు. ముగ్గురూ కలిసి నాలుగే నాలుగు పొరలు ఒత్తారు. ఒక్కోటి దుప్పటంత మందం. ఒకదాన్ని పళ్ళెంలో వేస్తుంటే నిప్పులు బరువుకి ‘అమ్మో’ అన్నాయి, నేనే విన్నాను.

“లంబ్రినీ, ఇది చిరిగింది, ఏం చెయ్యను?” అని అరిచాడు స్టెర్గియోస్.

“నాకేం తెలుసు? నేనెప్పుడూ చేయలేదుగా,” అంది లంబ్రినీ, ఆలివ్ కాయ నోట్లో వేసుకుంటూ. టమాటా పళ్ళెం ఆమె ముందే ఉంది, నిండుగా. రొట్టె విరిచి ఆ నూనెలో అడుగుదాకా ముంచింది. ముంచి, మోచేతి దాకా కారుతుంటే అలాగే తింది. మొదటి ముక్క తిన్నాక చుట్టూ చూసింది, ఎవరన్నా ఏదన్నా తెమ్మంటారేమోనని, అలవాటు కదా. కాళ్ళు రెండుసార్లు లేవబోయాయి. చేత్తో మోకాళ్ళు నొక్కి పట్టుకుంది. కూర్చోవడం కూడా నేర్చుకోవాల్సిన పనే అని అప్పుడు తెలిసింది ఆమెకి.

చెక్కేవాడు ఉలి పట్టుకుని అడిగాడు, “మరి ఏ పేరమ్మా?”

“లంబ్రినీ అని చెక్కు,” అంది అగోరో. “నేను చూస్తుండగా.”

లంబ్రినీ లేచింది. ఈసారి తనంతట తనే లేచింది. తడిగుడ్డ తీసుకుని కుర్చీ ఎక్కి, బోర్డు మీద అత్త పేరు తుడిచేసింది. పాత సున్నపు రాత, రెండు రుద్దులకే పోయింది. పిండి నీళ్ళలో వేలు ముంచి తన పేరు రాసింది. రాసి, అక్కణ్ణుంచే ఊరందరికీ వినపడేలా చెప్పింది. “రేపు పొద్దున్నుంచి నా పిటా నా పేరు మీద చేస్తాను. నా కొడుక్కి పెళ్ళయ్యాక నా కోడలికి ఒత్తాలనిపిస్తే ఒత్తుతుంది, ఆ పిల్ల ఒత్తిందానికి ఆ పిల్ల పేరే. ఒత్తాలనిపించకపోతే నా కొడుకు ఇవ్వాళ్టి నుంచే నేర్చుకోవడం మొదలుపెట్టొచ్చు. వాళ్ళ నాన్నని చూసి మాత్రం కాదు.”

దిగి, అత్త పక్కన కూర్చుంది. స్టెర్గియోస్ నడుముకి గుడ్డ కట్టుకుని పళ్ళెం తెచ్చాడు. పైన మాడింది, లోపల పచ్చి. లంబ్రినీ వేలు చూపించింది, అంచు కాదు, మధ్య ముక్క. పొగలు వస్తున్నాయి. అత్తకి సగం విరిచిచ్చింది. ఇద్దరూ నమిలారు. చాలాసేపు నమిలారు, ఆ పొరలు అట్లాంటివి.

“ఎలా ఉందే?” అంది అగోరో.

“దరిద్రంగా ఉందత్తా,” అంది లంబ్రినీ. “ఇంకో ముక్క వెయ్యమను.”

అప్పుడొచ్చాడండీ, పై కొండ మీద తేనెటీగలు పెంచే లంబ్రోస్ తాత. నాలుగ్గంటలు నడిచి, చెమటలు కక్కుతూ. చూశాడు. హోటలు ముందు ఊరంతా పోగై ఉంది. నల్లగుడ్డలో ఆడమనిషి, పక్కన కోడలు, ఇద్దరూ కూర్చుని ఉంటే మగవాళ్ళు వడ్డిస్తున్నారు. చావింట్లో తప్ప అట్లాంటిది ఎక్కడన్నా చూశామా మనం? తలెత్తి బోర్డు చూశాడు. అగోరో పేరు లేదు. టోపీ తీసేసి శిలువ గీసుకున్నాడు. కళ్ళ నీళ్ళు పెట్టుకుంటూ నేరుగా వచ్చి అగోరో ముందే నిలబడ్డాడు.

“అయ్యో, అయ్యో! అగోరో ఎప్పుడు పోయిందమ్మా?”

“ఇప్పుడే,” అంది అగోరో, నములుతూ.

తాత కళ్ళు తుడుచుకుని, దగ్గరికి వంగి, ఆవిడ మొహంలోకి చూశాడు. మళ్ళీ బోర్డు చూశాడు. మళ్ళీ ఆవిణ్ణి చూశాడు. బాగా ఆలోచించి అన్నాడు కదా:

“అగోరో, నువ్వా! బోర్డు మీద పేరు తీసేశారంటే పోయినట్టేనమ్మా, మనమేం చేస్తాం. అయితే కాస్త ఆ కుర్చీలోంచి లే, పోయినదానివి నీకెందుకూ, నేను కొండ దిగి నడిచొచ్చాను.”